కొత్త టైరు జారడం వేరు, చల్లటి టైరు జారడం వేరు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి సందర్భం తెలుస్తుంది. బైక్‌కి ముందూ వెనకా కొత్త టైర్లు వేయించారు. మర్నాడు పొద్దున్నే బయల్దేరితే రెండో మలుపులోనే వెనక చక్రం జానెడు పక్కకి జారి, మళ్లీ దానంతట అదే పట్టుకుంది. బండి పడలేదు కానీ గుండె జారింది. ఒక స్నేహితుడేమో "పాములా అటూ ఇటూ తిప్పుతూ నడుపు, వేడెక్కి పట్టుకుంటాయి" అన్నాడు. ఇంకొకాయన "గరుకు కాగితంతో రుద్దెయ్, ఒక్క పూటలో పని అయిపోతుంది" అన్నాడు. మూడో ఆయన ఎండాకాలం కదా, గాలి తగ్గించమన్నాడు. వీళ్లలో ఎవరి మాట వినాలి, ఎన్ని కిలోమీటర్లు భయపడుతూ నడపాలి అని మీ ప్రశ్న.

ఎవరి మాటా వినొద్దు. ముగ్గురూ మంచి ఉద్దేశంతోనే చెప్పారు, ముగ్గురూ ఒకే చోట తడబడ్డారు. టైరు కొత్తగా ఉండటం ఒక సమస్య, చల్లగా ఉండటం ఇంకో సమస్య. మొదటిది టైరు జీవితంలో ఒక్కసారే వస్తుంది, పోయాక మళ్లీ రాదు. రెండోది మీరు బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఉంటుంది, ఇరవై వేల కిలోమీటర్లు తిరిగిన టైరుకైనా సరే. మీకు ఆ పొద్దున రెండూ ఒకేసారి ఎదురయ్యాయి. అందుకే విడివిడిగా చూద్దాం.

ముందు కొత్తదనం సంగతి. పచ్చి రబ్బరు టైరుని ఇనుప అచ్చులో పెట్టి, లోపలినుంచి ఒత్తిడి పెట్టి, వేడితో ఉడికిస్తారు. అచ్చు లోపలి గోడ ఎంత నున్నగా ఉంటే టైరు పైపొర అంత నున్నగా వస్తుంది. అచ్చుకి అంటుకోకుండా పూసే పదార్థం వల్లే కొత్త టైరు జారుతుందని అందరూ అంటారు. అందులో నిజం కొంతే ఉంది. ఆ పూత లేకుండా వచ్చిన టైరు కూడా మొదట్లో జారుతుంది, ఎందుకంటే ఆ నునుపే సగం దోషి. దానికి తోడు ఎండకీ గాలికీ రబ్బరు పగలకుండా మైనం లాంటి పదార్థాలు కాంపౌండ్‌లోనే, అంటే రబ్బరు మిశ్రమంలోనే, కలుపుతారు. టైరు గోదాములో పడి ఉన్నన్నాళ్లూ అవి మెల్లమెల్లగా పైకి తేలుతూనే ఉంటాయి. కొత్త చెప్పులు వేసుకుని నున్నటి గచ్చు మీద నడిస్తే జర్రున జారతాయి, వారం తొడిగి అడుగు గరుకెక్కాక అవే చెప్పులు అదే గచ్చు మీద గట్టిగా పట్టుకుంటాయి. టైరుదీ అదే కథ. రోడ్డులోని గులకరాళ్ల గరుకు మొనలు రబ్బరు పైపొరని చెక్కి గరుకు చేయాలి. అది జరిగేదాకా రబ్బరు రోడ్డు సందుల్లోకి సరిగా దిగదు.

మీ టైరు దగ్గర కూర్చుని ఇప్పుడే చూడండి. మధ్యలో రెండు మూడు వేళ్ల వెడల్పున మెరుపు పోయి, బూడిద రంగుకి తిరిగి ఉంటుంది. గోటితో గీస్తే చిన్న చిన్న గీరలు తెలుస్తాయి. దానికి ఇటూ అటూ ఇంకా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, అచ్చులో గాలి పోవడానికి ఉంచిన సన్నటి రంధ్రాల్లోంచి వచ్చిన రబ్బరు వెంట్రుకలు పిల్లి మీసాల్లా నిలబడే ఉంటాయి. ఆ బూడిద రంగు ఆగిపోయి మెరుపు మొదలయ్యే గీత ఉంది చూశారూ, మీ బండికి ఇవాళ్టి హద్దు అదే. ఆ గీత దాటి వాలితే కొత్త టైరు మీద ఉన్నట్టు, దాటకపోతే పాత టైరు మీద ఉన్నట్టు.

ఇది నేను కింద పడి నేర్చుకున్నదే. చాలా ఏళ్ల కిందట వెనక టైరు మార్పించాను. బిగించినతను చూడ్డానికి బాగుంటుందని సైడ్‌వాల్‌కి, అంటే టైరు పక్క గోడకి, మెరుపు పాలిష్ రాసి ఇచ్చాడు, నేనూ మురిసిపోయాను. అక్కణ్నుంచి తిన్నగా ఉన్న రోడ్డు మీద నలభై కిలోమీటర్లు వచ్చి, "ఇంత దూరం వచ్చాం కదా, అరిగే ఉంటుంది" అనుకుని ఒక ఎడమ మలుపులో మామూలుగా వాల్చి యాక్సిలరేటర్ తిప్పాను. వేగం ఇరవై కూడా లేదు. ఏం జరిగిందో తెలిసేలోపు మోచెయ్యి నేలమీద ఉంది. తర్వాత టైరు చూస్తే, జారిన మచ్చ సరిగ్గా ఆ మెరుపు గీత దగ్గరే మొదలై అంచు వైపు పోయింది. పాలిష్ కూడా అంచు మీదకి పాకి ఉంది. ట్రెడ్ మీద, అంటే రోడ్డుకి తగిలే భాగం మీద, ఎప్పుడూ, ఏ రకం పాలిష్ అయినా, ఒక్క చుక్క కూడా పడకూడదు. సైడ్‌వాల్‌కి రాసింది కూడా తిరిగే చక్రంలో బయటికే పాకుతుంది. మీ టైర్లకి రాసి ఇచ్చి ఉంటే సబ్బు నీళ్లతో కడిగేయండి.

ఆ నలభై కిలోమీటర్ల పాఠమే మీ కిలోమీటర్ల ప్రశ్నకి జవాబు. టైర్ల కంపెనీలు సాధారణంగా మొదటి 100 మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు, నెమ్మదిగా నడపమంటాయి. అంకె మంచిదే, కానీ జనం దాన్ని ఓడోమీటర్ మీద చూస్తారు, టైరు మీద చూడరు. తిన్నగా ఉండే హైవే మీద 160 కాదు, 500 కిలోమీటర్లు పోయినా అరిగేది మధ్య పట్టీ ఒక్కటే. పక్కలు అచ్చులోంచి తీసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. అదే మలుపులున్న దారిలో, పొడి రోడ్డు మీద, ప్రతి మలుపుకీ కిందటిదానికన్నా కాస్త ఎక్కువ వాలుస్తూ పోతే 60, 70 కిలోమీటర్లకే రెండు పక్కలా పని పూర్తవుతుంది. కాబట్టి దూరం లెక్కపెట్టకండి, ఆ గీత ఎక్కడిదాకా జరిగిందో చూసుకోండి. ఆగిన ప్రతిసారీ ఒక చూపు చాలు.

వాల్చేటప్పుడు ఒక్కటే నియమం: ఒకసారికి ఒకటే పని. బ్రేక్ పని నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. తర్వాత వాలాలి. యాక్సిలరేటర్‌ని వాలినప్పుడు నిలకడగా పట్టుకుని, బండి లేస్తున్న కొద్దీ తెరవాలి. ఈ కొన్ని రోజులూ రోడ్డు మీద తెల్ల చారలు, ఇనుప మూతలు, చిందిన ఆయిల్, ఇసుక పరచిన మలుపులు దూరంగా ఉంచండి. వాన పడితే వీలైతే ఆ రోజు మానుకోండి. అరిగిన టైరు కూడా తెల్ల చార మీద తడిలో జారుతుంది, కొత్తది చెప్పాలా. ఇంకొక మాట, చివరి అంచున వేలెడు మెరుపు మిగిలిపోతే మిగలనివ్వండి. దాన్ని చూసి నవ్వేవాళ్ల కోసం ఎవరూ వీధి రోడ్డు మీద మోకాలు నేలకి ఆనించక్కర్లేదు.

గరుకు కాగితం సంగతికొస్తే, పైపొర చెక్కడానికి అది పనికొచ్చేలాగే కనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చేత్తో రుద్దితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పోతుంది. రోడ్డు చేసే గరుకుకీ కాగితం చేసే గరుకుకీ పోలిక లేదు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఏమిటంటే రుద్దేశాం కదా అని మనసులో భయం పోతుంది. పెట్రోలు, థిన్నర్ పోసి తుడవడం అంతకన్నా దండగ. అవి రబ్బరులోకి ఇంకి దాన్నే పాడు చేస్తాయి. నిలబెట్టి వెనక చక్రం తిప్పి పొగ లేపేవాళ్లు మధ్య పట్టీని మాత్రమే కాలుస్తారు, అంటే అవసరం లేని చోట టైరు తగలేస్తారు. మీరు జారింది పక్కన.

ఇక మొదటి రోజుకి మాత్రమే సంబంధించిన సంగతులు రెండున్నాయి. టైరుని రిమ్‌కి ఎక్కించేటప్పుడు బీడ్, అంటే రిమ్‌లో కూర్చునే టైరు అంచు, సులువుగా దిగడానికి సబ్బు ద్రావణం లాంటిది రాస్తారు. అది ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆలోపు గట్టిగా బ్రేక్ వేసినా, ఒక్కసారిగా లాగినా రిమ్ మీద టైరే కాస్త తిరిగిపోవచ్చు. అలా తిరిగితే చేసిన బ్యాలెన్సింగ్ పోతుంది, ట్యూబ్ ఉన్న బండికైతే వాల్వ్ మెడ లాగినట్టవుతుంది. దీనికి చిట్కా చాలా చవక: సుద్దముక్కతో టైరు మీంచి రిమ్ మీదకి అడ్డంగా ఒక గీత గీయండి. మర్నాడు చూడండి. గీత తెగకుండా తిన్నగా ఉంటే నిశ్చింత. రెండు ముక్కలై పక్కకి జరిగి ఉంటే టైరు తిరిగిందని అర్థం, బ్యాలెన్స్ మళ్లీ చూపించాలి.

రెండోది టైరుది కాదు, బ్రేకుది. చక్రం తీసి బిగించేటప్పుడు బ్రేక్ ప్యాడ్‌లు వెనక్కి నెట్టుకుపోతాయి. బండి కదలక ముందే లివర్ నాలుగైదు సార్లు నొక్కి గట్టిపడిందో లేదో చూడాలి, వెనకది కాలితో అలాగే. ఇది చేయకుండా దుకాణం మెట్టు దిగి తిన్నగా రోడ్డుకి అడ్డంగా వెళ్లిపోయినవాళ్లని చూశాను. సైడ్‌వాల్ మీద తిరిగే దిక్కు చూపించే బాణం కూడా అప్పుడే చూసుకోండి.

అన్నట్టు, "జారింది" అనిపించే ప్రతిదీ జారడం కాదు. పాత వెనక టైరు మధ్యలో అరిగి బల్లపరుపుగా అయి ఉంటుంది. దాని మీద వేల కిలోమీటర్లు నడిపి మీ చేతులు ఆ మొండితనానికి అలవాటుపడ్డాయి. కొత్తది గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇలా అనగానే అలా వాలిపోతుంది, ఎత్తుగా ఉన్న ట్రెడ్ ముక్కలు కూడా కాస్త మెదులుతాయి. మొదటి గంటలో ఇది జారినట్టే అనిపిస్తుంది. మీది నిజంగానే జారింది, జానెడు అన్నారు కాబట్టి. కానీ తర్వాతి రోజుల్లో వచ్చే చిన్న చిన్న కంగారుల్లో సగం ఈ గుండ్రతనం వల్లే.

ఇప్పుడు వేడి దగ్గరికి వద్దాం, అసలు తమాషా ఇక్కడుంది.

రబ్బరు పట్టు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, రోడ్డు ఉపరితలానికి రబ్బరు అంటుకోవడం. రెండోది, రాళ్ల మొనల చుట్టూ రబ్బరు నొక్కుకుని, మళ్లీ తన ఆకారానికి రావడంలో ఆలస్యం చేయడం. ఆ ఆలస్యమే రోడ్డుని పట్టి లాగుతుంది. చలికి గట్టిపడ్డ మైనం అచ్చుని సరిగా తీసుకోనట్టే, చల్లటి రబ్బరు రాళ్ల మధ్యకి దిగదు. మరీ వేడెక్కితే మెత్తబడి పైపొర చీలికలై పోతుంది. మధ్యలో ఒక మంచి మేర ఉంటుంది. అది అన్ని టైర్లకీ ఒకటి కాదు. రేసు ట్రాక్ మీద వాడే, గాడులు లేని స్లిక్ టైర్లని దుప్పటి లాంటి వార్మర్లు చుట్టి దాదాపు 80 డిగ్రీలకి వేడిచేసి బయటికి తీస్తారు. వీధిలో తిరిగే బండి టైరు ఆ దరిదాపులకి కూడా పోదు. అందుకే రోడ్డు టైర్లని తక్కువ వేడిలో, తడిలో కూడా పట్టు ఇచ్చేలా సిలికా కలిపిన కాంపౌండ్‌తో చేస్తారు. రేసు టైరు వేసుకుని వీధిలో తిరిగేవాడికి రోజంతా చల్లటి టైరే. ఖరీదైనది కాబట్టి ఎక్కువ పట్టుకుంటుంది అనుకుంటాడు, మామూలు టూరింగ్ టైరు ఉన్న పక్క బండివాడికన్నా ముందే జారతాడు.

మరి ఆ వేడి ఎక్కణ్నుంచి వస్తుంది? రోడ్డుకి రాసుకోవడం వల్ల అని చాలామంది నమ్మకం. రాసుకోవడం వల్ల పైపొర వేడెక్కుతుంది నిజమే, కానీ అది ఇట్టే వచ్చి ఇట్టే పోయే వేడి. నిలిచే వేడి టైరు ఒళ్లు వంగి లేవడం వల్ల వస్తుంది. ఇనప తీగని తుంచడానికి అటూ ఇటూ పదిసార్లు వంచి, వంపు దగ్గర వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. టైరుకి అదే జరుగుతోంది. చక్రం చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు అనుకుంటే, గంటకి 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి ఎనిమిది సార్లు పైగా తిరుగుతుంది. అంటే టైరులోని ప్రతి ముక్కా సెకనుకి ఎనిమిది సార్లు నేలకి నొక్కుకుని, చదునై, మళ్లీ లేస్తోంది. ప్రతిసారీ కొంత శక్తి వేడిగా లోపలే ఉండిపోతుంది.

ఇది అర్థమైతే పాములా తిప్పడం ఎందుకు పనికిరాదో తెలిసిపోతుంది. కార్ల రేసులో ఫార్మేషన్ ల్యాప్‌లో, అంటే రేసు మొదలవ్వక ముందు తిరిగే చుట్టులో, అలా తిప్పడం టీవీలో చూసి నేర్చుకున్న అలవాటిది. కారు ఒరగదు, టైర్లని పక్కకి ఈడ్చుతుంది, కాబట్టి దానికి ఎంతో కొంత పని జరుగుతుంది. బైక్ ఒరుగుతుంది. నెమ్మదిగా అటూ ఇటూ ఒరిగినంత మాత్రాన టైరు మీద బరువు పెద్దగా పెరగదు, అదనంగా వంగదు. మీకు మిగిలేది ఏమిటంటే, చల్లటి టైరుతో, ఇంకా మెరుపు పోని పక్కల మీద, పక్క బండ్ల మధ్యలో ఊగడం. వేడి కావాలంటే తిన్నగా ఉన్న ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, బండి నిటారుగా ఉంచి బ్రేక్‌ని మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టండి, తర్వాత మళ్లీ లాగండి. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందు టైరు మీద పడి దాన్ని నొక్కుతుంది, లాగినప్పుడు వెనకదాన్ని. ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నా సరే, మెల్లగా మొదలుపెట్టడం ముఖ్యం. ఇది బీడ్ ఆరాక, రెండో రోజు నుంచి చేయాల్సిన పని, మొదటి రోజు కాదు.

నిజానికి రోడ్డు మీద ఇంత తతంగం అక్కర్లేదు. పది, పదిహేను నిమిషాలు బుద్ధిగా నడిపితే టైరు దానంతట అదే తన వేడికి వస్తుంది. చలిలో, వానలో ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. తడి రోడ్డు మీద నీళ్లు ఎప్పటికప్పుడు వేడిని లాగేస్తుంటాయి కాబట్టి అసలు పూర్తిగా వేడెక్కకపోవచ్చు కూడా. మధ్యలో అరగంట ఆగితే మళ్లీ మొదటికి వచ్చినట్టే లెక్క. ఆ పది నిమిషాల్లో ఎంత వాల్చొచ్చు అంటే ఒక చిన్న లెక్క ఉంది. నిలకడగా మలుపు తిరిగేటప్పుడు కావాల్సిన పక్కపట్టు వాలు కోణం మీద ఆధారపడుతుంది. 20 డిగ్రీలు వాలితే బండి బరువులో మూడో వంతు పైచిలుకు చాలు. 30 డిగ్రీలకి సగం దాటుతుంది. 45 డిగ్రీలకి బరువంతా కావాలి. పొడి రోడ్డు మీద చల్లటి రోడ్డు టైరు మొదటిది అవలీలగా ఇస్తుంది. పడేసేది ఒట్టి వాలు కాదు, వాలి ఉన్నప్పుడు దాని మీద యాక్సిలరేటరో బ్రేకో కలపడం. మీ రెండో మలుపులో మీ కుడి చెయ్యి ఏం చేస్తోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంకో కిటుకు: టైరు అంతా ఒకే వేడిలో ఉండదు. గంటసేపు తిన్నటి హైవే మీద వచ్చి మొదటి మలుపు తిరిగేటప్పుడు మధ్య భాగం వేడిగా ఉంటుంది, మీరు వాలేది మాత్రం చల్లటి పక్క మీద. రేసుల్లో దీనికి పేరుపడ్డ చోటు జర్మనీలోని సాక్సెన్‌రింగ్. అక్కడ ఎడమ మలుపులు పది, కుడివి మూడే. వరసగా ఏడు ఎడమ మలుపులు తిరిగాక పదకొండో మలుపు కుడికి, దిగుడులో వస్తుంది. అంతసేపూ గాలికి చల్లబడుతూ ఉన్న కుడి పక్క మీద ఒక్కసారిగా భారం వేయాలి. ప్రపంచంలోకెల్లా మంచి రైడర్లు, వార్మర్ల నుంచి వచ్చిన టైర్లతో, ఏటా అక్కడ పడుతూనే ఉంటారు. మనం హైవే దిగి పక్క రోడ్డులోకి తిరిగేటప్పుడు మన సాక్సెన్‌రింగ్ అదే.

ఇక గాలి. మీ మూడో స్నేహితుడి సలహా వినడానికి తెలివైనదిలా ఉంటుంది, ఫలితం మాత్రం తిరగబడుతుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, ప్రెజర్ పెరుగుతుంది, కాబట్టి కొంచెం తీసేద్దాం అని. కానీ గాలి తీస్తే టైరు ఎక్కువ వంగుతుంది. ఎక్కువ వంగితే ఎక్కువ వేడెక్కుతుంది. మీరు ఏది తగ్గించాలనుకున్నారో అదే పెంచారు. ఎండాకాలం గాలి తగ్గించిన టైరు, దాని మీద ఇద్దరు మనుషులు, ఒక పెద్ద బ్యాగు, హైవే వేగం: టైరు పాడవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కంపెనీ చెప్పిన అంకె చల్లటి టైరుకి చెప్పింది, పరుగులో పెరిగేది అందులో కలుపుకునే చెప్పింది. కనీసం రెండు మూడు గంటలు ఆగి ఉన్న బండికి, నీడలో కొలవాలి. ఒక చక్రం ఎండలో, ఒకటి నీడలో ఉన్నా గేజ్‌లో తేడా కనిపిస్తుంది.

పెరుగుదలని శత్రువులా చూడకండి, అది మీకు ఉచితంగా దొరికిన థర్మామీటర్. లెక్క చెప్తాను. పొద్దున 27 డిగ్రీల దగ్గర వెనక టైరులో 36 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉందనుకోండి. గేజ్ బయటి గాలి ఒత్తిడిని వదిలేసి చూపిస్తుంది కాబట్టి లోపల అసలు ఉన్నది దాదాపు 50.7. ప్రతి పది డిగ్రీలకీ ఇది 1.7 పీఎస్ఐ చొప్పున పెరుగుతుంది. అరగంట నడిపి ఆగి వెంటనే కొలిస్తే 39.5 ఉందంటే లోపలి గాలి ఇరవై డిగ్రీలకి పైచిలుకు వేడెక్కిందన్నమాట. నేను చాలాకాలంగా వాడే కొలబద్ద: రోడ్డు మీద వేడెక్కాక పెరుగుదల పది శాతం దగ్గర ఉంటే గాలి సరిగ్గా ఉన్నట్టు. 36 పెట్టిన టైరు 41, 42 చూపిస్తోందంటే మొదట పెట్టిన గాలి చాలలేదు, టైరు అతిగా వంగుతోంది. 37 కూడా దాటలేదంటే గాలి ఎక్కువైంది, లేదా టైరుకి పనే పడలేదు. అంటే వేడిమీద ఎక్కువ పెరిగితే చల్లారాక గాలి కలపాలి, తీయకూడదు. వినగానే ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలేదు. నైట్రోజన్ పెడితే పెరగదు అనేవాళ్లు కూడా తగులుతారు. మామూలు గాలిలో ఐదింట నాలుగొంతులు నైట్రోజనే. పొడి గాలైనా నైట్రోజన్ అయినా వేడికి ఒకేలా పెరుగుతాయి, తేడా వచ్చేది కంప్రెసర్‌లోంచి తేమ వచ్చినప్పుడే.

ఈ వేడికీ ఒత్తిడికీ ఉన్న లింకు మీద ఏకంగా రేసులే నడుస్తున్నాయి. 2025 మోటోజీపీలో, అంటే ప్రపంచ స్థాయి బైక్ రేసుల పోటీలో, ముందు టైరు ప్రెజర్ 1.80 బార్‌కి, అంటే సుమారు 26 పీఎస్ఐకి, తగ్గకూడదని రూలు. ప్రధాన రేసులో 60 శాతం ల్యాపుల్లో ఆ పైనే ఉండాలి, లేకపోతే 16 సెకన్ల పెనాల్టీ. 2025 సీజన్ మొదటి రేసు థాయ్‌లాండ్‌లోని బురిరామ్‌లో జరిగింది. అందరికన్నా ముందు హాయిగా పోతున్న స్పెయిన్ రైడర్ మార్క్ మార్కెజ్ ఏడో ల్యాపులో ఉన్నట్టుండి వేగం తగ్గించి తమ్ముడు ఆలెక్స్‌కి దారిచ్చాడు. చూసేవాళ్లకి బండికేదో అయిందనిపించింది. కారణం ఏమిటంటే, ముందు ఎవరూ లేకపోతే ముందు టైరుకి చల్లగాలి బాగా తగిలి ప్రెజర్ రూలు కిందకి జారుతోంది. ఇంకో బండి వెనక దూరితే దాని వేడిగాలికి టైరు వేడెక్కుతుంది, ప్రెజర్ లేస్తుంది. చాలా ల్యాపులు తమ్ముడి వెనకే ఉండి, కావాల్సినన్ని లెక్క పూర్తయ్యాక, చివర్లో దాటి గెలిచాడు. ఒక మనిషి గాలి కొట్టించుకోడానికి బదులు ఇంకొకరి వెనక నడిచి ప్రెజర్ పెంచుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

రెండో కొసన, అంటే టైరు మరీ వేడెక్కితే, ఏమవుతుందో చూడాలంటే ఆస్ట్రేలియాలో 2013 ఫిలిప్ ఐలండ్ మోటోజీపీ రేసు ఉంది. కొత్తగా తారు వేసిన ట్రాక్ మీద టైర్లు వేడికి తట్టుకోలేవని తేలి రేసుని 19 ల్యాపులకి కుదించారు, మధ్యలో బండి మార్చడం తప్పనిసరి చేశారు. గడువు దాటి ఒక ల్యాపు ఎక్కువ తిరిగినందుకు ఇదే మార్క్ మార్కెజ్‌ని అనర్హుణ్ణి చేశారు. వీధిలో మనకి ఈ బాధ గాలి తక్కువైనప్పుడు తప్ప సాధారణంగా రాదు.

టైరు వేడి చూడటానికి చేతిలో పట్టుకునే లేజర్ చుక్క థర్మామీటర్ కొనాలా అని ఎవరో ఒకరు అడుగుతారు. అది చర్మం వేడి చెప్తుంది, జ్వరం చెప్పదు. బండి ఆపి, స్టాండ్ వేసి, గురిపెట్టేలోపే పైపొర చల్లారుతుంది. ట్రాక్ మీద పనిచేసేవాళ్లు సూది గుచ్చే రకం వాడేది అందుకే. మీకు మంచి ప్రెజర్ గేజ్ ఒకటి చాలు. ఎప్పుడూ అదే గేజ్ వాడండి. రెండు గేజ్‌లు ఒకే మాట చెప్పడం నేను అరుదుగా చూశాను. అరచేత్తో కూడా కొంత తెలుస్తుంది: ఆగిన వెంటనే ట్రెడ్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా, హాయిగా అనిపించాలి. ట్రెడ్‌ని మించి సైడ్‌వాల్ కాలిపోతోందంటే గాలి తక్కువ ఉందని అనుమానించండి.

ఒకటి మర్చిపోయేవాణ్ని. సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 3524 అంటే 2024లో 35వ వారం తయారైందని. కొత్తగా కొన్నంత మాత్రాన కొత్త టైరు కాదు, గోదాములో ఏళ్ల తరబడి ఉండి గట్టిపడినది కూడా ప్లాస్టిక్ చుట్టు విప్పితే నిగనిగలాడుతుంది. అలాంటిది పైపొర పోయాక కూడా చలిలో సరిగా పట్టదు, మీరేమో ఇంకా కొత్తదనం పోలేదని ఎదురుచూస్తూ కూర్చుంటారు.

కాబట్టి మీరు ఇప్పుడు చేయాల్సింది: పొద్దున బండి తీయక ముందు రెండు టైర్ల గాలీ కొలిచి రాసుకోండి. ఆ రెండో మలుపు ఇంటికి అంత దగ్గర కాబట్టి అక్కడికి చేరేసరికి టైరు ఏ రోజూ వేడెక్కదు. అక్కడ ఎప్పటికీ నెమ్మదే. వారాంతం ఎండ కాసిన పూట మలుపులున్న దారి ఒకటి చూసుకుని గంటసేపు తిరిగి రండి, ఆగినప్పుడల్లా మెరుపు గీత చూసుకోండి. అరగంట నడిపాక ఆగిన వెంటనే మళ్లీ గాలి కొలవండి. చల్లటి అంకె, వేడి అంకె, డీఓటీ చివరి నాలుగంకెలు, ఇవి మూడూ చెప్పండి. పెరుగుదల పది శాతానికి అటూ ఇటూగా ఉండి, గీత రెండు పక్కలా జరిగి ఉండి, అయినా ఇంకా జారుతోందంటే అప్పుడు చైన్ బిగువు, వెనక చక్రం వరస తిన్నగా ఉందా లేదా అనేది చూద్దాం.